బెంచి గొంతు... రిఫరీ చెవి!

బాస్కెట్‌బాల్ కోర్టులో ఒక్కో జట్టుకీ ఉండేది అయిదుగురే. కానీ జట్టులో పన్నెండు మంది దాకా ఉంటారు. మిగతా ఏడుగురూ, కోచ్ గారూ, ఆయన సహాయకుడూ... అంతా గీత అవతల బెంచి మీదే. వాళ్ల చేతికి బంతి రాదు. కాలికి కోర్టు తగలదు. ఉన్నదల్లా గొంతు ఒక్కటే!

‘‘సార్, ఫౌల్!’’

‘‘గది ట్రావెలింగ్ గాదా సార్?’’

‘‘మూడు సెకన్లు ఎప్పుడో దాటింది. చూస్తలేరా?’’

నలభై నిమిషాల ఆటలో ఇలాంటివి ఎన్ని వినిపిస్తాయో లెక్కపెట్టడం కష్టం. అన్నిటికీ జవాబు చెబుతూ కూర్చుంటే రిఫరీ ఆట నడపలేరు. ఏదీ వినకపోతే బెంచి ఊరుకోదు. విన్న ప్రతిదానికీ శిక్ష వేస్తే ఆటే మిగలదు. మరి ఏం చేయాలి? బాస్కెట్‌బాల్ రిఫరీకి అసలు పరీక్ష ఇక్కడే. ఫౌల్ ఏది, కానిది ఏది అన్నది పుస్తకం చదివి నేర్చుకోవచ్చు. తన మీద అరుస్తున్న మనిషితో ఎలా మెలగాలన్నది నేర్చుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

మన దగ్గర ఈ సంగతి మరికాస్త చిక్కు. పిల్లలూ పెద్దలూ అంతా క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లు. క్రికెట్‌లో గొంతెత్తి అడగడం ఆటలో భాగం. బౌలరో, ఫీల్డరో ‘హౌజట్’ అని అప్పీలు చేయనిదే బ్యాట్స్‌మన్ నిజంగా ఔటైనా సరే, అంపైరు ఔటివ్వకూడదని అక్కడి నిబంధనే చెబుతుంది. బాస్కెట్‌బాల్‌లో ఆ పద్ధతి లేదు. ఇక్కడ అప్పీలంటూ ఏదీ ఉండదు. రిఫరీ చూస్తే విజిల్, చూడకపోతే లేదు. అడిగినంత మాత్రాన ఫౌల్ రాదు. ఈ తేడా తెలియక బెంచి అరుస్తుంది, బెంచిని చూసి గట్టున కూర్చున్న జనమూ అరుస్తారు.

ఒంటికి తగలని ఫౌల్

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటని కనిపెట్టినప్పుడు రాసుకున్న సూత్రాలు 13. అందులో పదోది అంపైరు పని చెబుతుంది... మనుషుల్ని చూసుకోవడం, ఫౌల్స్ లెక్కపెట్టడం. పదకొండోది రిఫరీ పని చెబుతుంది... బంతిని చూసుకోవడం, సమయం చూడటం. అంటే ఆట పుట్టినరోజు నుంచే మనిషికొకరు, బంతికొకరు కాపలా ఉన్నారన్నమాట. బెంచి గురించి మాత్రం ఆ పదమూడింటిలో ఒక్క ముక్కా లేదు. కోచ్‌లు లేచి నిలబడి చేతులూపే రోజు వస్తుందని ఆ మాస్టారు అనుకుని ఉండరు!

ఇప్పుడు అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నిబంధనల్లో దానికి ఏకంగా ఒక అధికరణమే ఉంది. పేరు టెక్నికల్ ఫౌల్. మామూలు ఫౌల్ అంటే ఒకరి ఒంటికి మరొకరు తగలడం. టెక్నికల్ ఫౌల్ ఒంటికి తగలనిది, ప్రవర్తనకి సంబంధించినది. రిఫరీతో అమర్యాదగా మాట్లాడటం, రెచ్చగొట్టే సైగలు చేయడం, ఆటకి అడ్డు తగలడం... ఇవన్నీ ఆ కిందికే వస్తాయి. రిఫరీ ఒక అరచేతిని నిలువుగా, రెండో అరచేతిని దాని మీద అడ్డంగా పెట్టి ఇంగ్లిషు ‘టి’ అక్షరంలా చూపిస్తే అదే సంకేతం. ఎదుటి జట్టుకి ఒక ఫ్రీ త్రో. దాన్ని ఆ జట్టులో ఎవరైనా వేయొచ్చు. ఆ తర్వాత ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలు.

బెంచి మీద ఎవరు నోరు జారినా ఆ ఫౌల్ పడేది కోచ్ ఖాతాలోనే. స్వయంగా కోచ్ చేసినదైతే స్కోర్‌షీట్‌లో ‘సి’ అనీ, బెంచిలో ఇంకెవరిదైనా అయితే ‘బి’ అనీ రాస్తారు. ‘సి’లు రెండు పడితే కోచ్ బయటికి! ‘బి’లు మూడైనా, ఒక ‘సి’కి రెండు ‘బి’లు తోడైనా అంతే. బయటికి పోవడమంటే బెంచి చివరికి జరిగి కూర్చోవడం కాదు. డ్రెస్సింగ్ రూములో ఉండాలి, లేదా ఆ ప్రాంగణమే వదిలి వెళ్లాలి.

నిలబడటానికీ ఒక లెక్కుంది. ఆట నడుస్తున్నప్పుడు హెడ్ కోచో, ఫస్ట్ అసిస్టెంట్ కోచో... ఒకసారికి ఒక్కరే నిలబడాలి, అదీ బెంచి హద్దుల్లోనే. ఇక కోర్టులో ఉన్నవాళ్ల తరఫున అడగాల్సింది కెప్టెన్. బంతి ఆగి, గడియారం ఆగినప్పుడు మర్యాదగా వచ్చి రిఫరీతో మాట్లాడొచ్చు.

ఇన్ని శిక్షలు రాసిన ఆ పుస్తకమే రిఫరీకి మరో మాట కూడా చెబుతుంది. తెలియక జరిగిన, ఆట మీద ప్రభావం చూపని చిన్న తప్పుల్ని ముందు హెచ్చరికతో సరిపెట్టొచ్చు, చూసీచూడనట్టు వదిలేయనూ వచ్చు. మళ్లీ మళ్లీ చేస్తేనే శిక్ష. అంటే ‘టి’ చూపించడమన్నది రిఫరీ సంచిలోంచి మొదట తీసే పనిముట్టు కాదు. అన్నీ అయ్యాక తీసేది!

రెండు ఊళ్లు... ఒక్క పాయింటు

ఇదంతా మన కళ్లముందు ఎలా ఉంటుందో చూద్దాం. వికారాబాద్, తాండూరు... రెండూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డ వికారాబాద్ జిల్లాలోవే. వాడి వైపు వెళ్లే రైలు మార్గంలో ఒకదాని తర్వాత ఒకటి. మధ్య దూరం దాదాపు 40 కిలోమీటర్లు. ఒకటి అనంతగిరి కొండల పక్క ఊరు, రెండోది కందులకీ నాపరాతి బండలకీ పేరుమోసిన ఊరు. ఈ రెండూళ్ల స్కూలు జట్లు తాండూరులో తలపడ్డాయని అనుకుందాం. సిమెంటు కోర్టు. పక్కన చెట్టు నీడ. ఆ ఊళ్లో బెంచి అంటే రెండు రాళ్ల మీద పరిచిన తాండూరు బండే కావొచ్చు. దాని మీద ఏడుగురు పిల్లలూ, వాళ్ల పీఈటీ సారూ.

ఆఖరి రెండు నిమిషాలు. వికారాబాద్ 38, తాండూరు 37. తాండూరు కుర్రాడు రింగు కిందికి దూసుకెళ్లాడు. పక్క నుంచి ఒక చెయ్యి పడింది. బంతి గీత దాటింది. ఫౌల్ విజిల్ లేదు. త్రో-ఇన్ మాత్రం తాండూరుకే ఇచ్చారు. తాండూరు సారు బండ మీంచి లేచారు.

‘‘ఏంది సార్, మా పోరని చెయ్యి పట్టి గుంజితే కనబడ్తలేదా మీకు?’’

ఇప్పుడు రిఫరీ ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది... వెంటనే ‘టి’. అప్పుడు వికారాబాద్‌కి ఒక ఫ్రీ త్రో. అది పడితే 39-37. ఆ తర్వాత తాండూరు ఒక బుట్ట వేసినా 39-39 అవుతుంది. ఆ అరుపుకి శిక్ష పడకపోయి ఉంటే అదే బుట్టతో తాండూరు 39-38తో ముందుండేది. అంటే పెద్దాయన నోటి నుంచి వచ్చిన ఒక్క మాటకి పిల్లలు ఒక్క పాయింటు చెల్లించారు. ఒక్కోసారి అది తప్పదు. కానీ మొదటి మాటకే ఆ ధర కట్టడం సబబేనా?

రెండోది... ఏమీ విననట్టు వెళ్లిపోవడం. ఒకటి రెండుసార్లు ఇది పనిచేస్తుంది. ఆ తర్వాత ‘‘మన మాట వింటనే లేడు’’ అన్న కసి బెంచి నుంచి పిల్లల్లోకి పాకుతుంది. విజిల్ మీద నమ్మకం పోయిన కుర్రాడు తన లెక్క తనే తేల్చుకుంటాడు. మరుసటి బంతికి మోచేయి లేస్తుంది.

మూడోది... అన్నిటికన్నా ప్రమాదం. లోపల అనుమానం వచ్చి, రెండో వైపు ఒక చిన్న తాకిడికి ఫౌల్ ఊది లెక్క సరిచేయడం. బాకీ తీర్చే విజిల్ అన్నమాట! ఒక తప్పు రెండవుతుంది. అంతకన్నా ఘోరం ఏంటంటే, అరిస్తే ఫలితం ఉంటుందని రెండు బెంచీలకూ తెలిసిపోతుంది. ఇక వికారాబాద్ సారు మాత్రం ఎందుకు ఊరుకుంటారు?

నాలుగోదే అనుభవం ఉన్న రిఫరీ నడిచే దారి. బంతి ఆగి ఉంది. త్రో-ఇన్ ఇచ్చే ముందు రెండు క్షణాలు. గొంతు పెంచకుండా, వేలు చూపించకుండా ఒక్క మాట.

‘‘నేను నిల్చున్న దిక్కు నుంచి బంతి మీద చెయ్యి పడ్డదే కనబడ్డది సార్. అక్కడ మళ్ల చూస్త.’’

అంతే. అక్కడే నిలబడి వాదన పెట్టుకోరు. కోచ్ ఇంకేదో అనబోతే అరచెయ్యి చూపించి, ‘‘చాలు సార్, ఇగ ఆట సాగనియ్యుండ్రి’’ అంటారు. అది హెచ్చరిక. రెండో రిఫరీకీ, టేబుల్ దగ్గరున్న స్కోరర్‌కీ ఆ సంగతి చెబుతారు. ఆ తర్వాత కూడా అదే పాట అయితే ‘టి’ చూపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అప్పుడు ఆ శిక్ష చూసి బెంచిలో ఉన్న పిల్లలు కూడా ఆశ్చర్యపోరు. ముందే చెప్పారుగా!

ప్రశ్నా... నిందా?

మంచి రిఫరీలు బెంచి మాటల్ని చెవిలోనే మూడు గంపల్లోకి వేరుచేసుకుంటారు.

ఒకటి ప్రశ్న. ‘‘అది ఎవరి మీద ఫౌల్ సార్?’’, ‘‘బుట్ట లెక్కలోకి వచ్చిందా?’’ దీనికి జవాబివ్వాలి. క్లుప్తంగా, వెంటనే. జవాబివ్వకపోతే ప్రశ్నే రెండు నిమిషాల్లో ఫిర్యాదుగా మారుతుంది.

రెండోది ఉక్రోషం. ‘‘అబ్బా... ఎట్ల ఫౌలాయె అది?’’ ఇది రిఫరీని అన్నది కాదు, ఆటని అన్నది. చేజారిన బుట్టకి పడిన నిట్టూర్పు. దీనికి జవాబు అక్కర్లేదు, శిక్షా అక్కర్లేదు. గాలికి పోతుంది.

మూడోది నింద. ‘‘ఆ ఊరోళ్లతోని కలిసిపోయినవ్’’ లాంటిది. ఇది నిర్ణయాన్ని దాటి మనిషి నిజాయతీ మీదికి వెళ్లింది. బూతులైనా, బెదిరింపైనా, జనాన్ని ఉసిగొల్పే చేతులైనా ఇదే గంపలోకి. దీన్ని వింటూ ఊరుకోవడం ఓర్పు కాదు. ఇక్కడ మొదటిసారికే ‘టి’ న్యాయం.

ఎవరి దగ్గర తగ్గాలి, ఎవరి దగ్గర గట్టిగా ఉండాలి అన్నదీ ముఖ్యమే. బెంచి చివర కూర్చున్న పన్నెండేళ్ల పిల్లాడు అరిస్తే రిఫరీ నేరుగా వాడి మీదికి వెళ్లరు. ‘‘సార్, మీ పిల్లల్ని కాస్త చూసుకోండి’’ అని కోచ్‌కే చెబుతారు. బెంచిని అదుపులో పెట్టే బాధ్యత కోచ్‌కి అప్పగించినట్టూ ఉంటుంది, ఆయన గౌరవమూ నిలబడుతుంది. చాలాసార్లు ఆ ఒక్క మాటతో బెంచి మొత్తం సద్దుమణుగుతుంది.

ఇంకోటి... రిఫరీకి నిజంగానే కనపడకపోయి ఉండొచ్చు. కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. పదిమంది కదులుతూ ఉంటారు. ఒక మనిషి వీపు అడ్డొస్తే చాలు, చెయ్యి కనపడదు. ‘‘ఆ ఒక్కటి నాకు అడ్డమొచ్చింది సార్’’ అని ఒప్పుకుంటే రిఫరీ విలువ తగ్గదు, పెరుగుతుంది. కాకపోతే మ్యాచ్‌లో ఒకసారి చెల్లే మాట అది. అయిదుసార్లు చెబితే మాత్రం... ‘ఇంకెందుకు వచ్చినట్టు?’ అనుకుంటారు ఎవరైనా!

మ్యూనిక్‌లో మూడు సెకన్లు

బెంచి ఫిర్యాదు సరిగా తేలకపోతే ఎంత దూరం వెళ్తుందో ప్రపంచమంతా ఒకసారి చూసింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్. అమెరికా, సోవియట్ యూనియన్. ఇంకా మూడు సెకన్లుందనగా డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలూ వేసి అమెరికాని 50-49తో ముందు నిలిపాడు. అప్పుడు లేచింది సోవియట్ బెంచి. తాము టైమవుట్ అడిగామనీ, టేబుల్ దగ్గరి వాళ్లు ఇవ్వలేదనీ గొడవ. ఒక సెకను మిగిలి ఉండగా ఆట ఆగింది. ఇంతలో ఫిబా ప్రధాన కార్యదర్శి విలియం జోన్స్ ప్రేక్షకుల్లోంచి దిగివచ్చి, గడియారాన్ని మూడు సెకన్లకి తిప్పమన్నారు. ఒకసారి ఆడారు, హారన్ మోగింది. అమెరికా కుర్రాళ్లు గెలిచామని గంతులేశారు. గడియారం సరిగా సర్దకముందే ఆడారని మళ్లీ ఆడించారు. ఈసారి ఇవాన్ ఎడెష్కో కోర్టు ఆ చివర నుంచి ఈ చివరకి విసిరిన బంతిని అలెగ్జాండర్ బెలోవ్ అందుకుని బుట్టలో వేశాడు. 51-50. సోవియట్ గెలిచింది!

రిఫరీ రెనాటో రిగెట్టో స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టలేదు. అమెరికా చేసిన ఫిర్యాదుని అయిదుగురి జ్యూరీ 3-2 ఓట్లతో తోసిపుచ్చింది. అమెరికా ఆటగాళ్లు రజత పతకాలు తీసుకోలేదు, యాభై ఏళ్లు దాటినా ఇంతవరకూ తీసుకోలేదు.

ఇందులో సోవియట్ బెంచి అడిగింది న్యాయమేనా, కాదా అన్న వాదన నేటికీ తెగలేదు. తేలిన సంగతి ఒకటే... ఫిర్యాదుని వినాల్సిన మనిషి చేతుల్లోంచి అది జారి, నిర్ణయించే అధికారమే లేని మనిషి చేతుల్లోకి పోయింది. ఊళ్లో మ్యాచ్‌కైనా ఇదే పాఠం. టేబుల్ దగ్గర గొడవైతే ముఖ్య అతిథి గారు మైకు అందుకుని తీర్పు చెప్పకూడదు. రిఫరీలే ఆట ఆపి, ఇద్దరూ పక్కకెళ్లి మాట్లాడుకుని, రెండు జట్ల కోచ్‌లనీ కలిపి పిలిచి ఒకే మాట చెప్పాలి. ఒక కోచ్ చెవిలో ఒకటి, రెండో కోచ్ చెవిలో మరొకటి చెబితే కొత్త గొడవకి విత్తనం వేసినట్టే.

నవ్వినందుకు బయటికి!

తప్పెప్పుడూ బెంచిదే అనుకుంటే పొరపాటు. 2007 ఏప్రిల్ 15న డాలస్‌లో జరిగిన ఎన్‌బీఏ మ్యాచ్‌లో శాన్ ఆంటోనియో స్టార్ టిమ్ డంకన్ బెంచి మీద కూర్చుని నవ్వాడు. నెమ్మదస్తుడని పేరున్న ఆటగాడు. రిఫరీ జోయీ క్రాఫోర్డ్‌కి అది తన మీద వెక్కిరింతలా అనిపించింది. రెండో టెక్నికల్ ఫౌల్ ఇచ్చి బయటికి పంపేశాడు. లీగ్ ఊరుకోలేదు. డంకన్‌కి జరిమానా వేస్తూనే, ఎంతో అనుభవమున్న ఆ రిఫరీని మిగిలిన సీజన్ మొత్తానికీ పక్కన పెట్టింది. మరుసటి సీజన్‌లో ఆయన తిరిగొచ్చి 2016 దాకా రిఫరీగా కొనసాగాడు.

ఇక బెంచి వైపు అతి చూడాలంటే 1985 ఫిబ్రవరి 23 గుర్తుచేసుకోవాలి. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం కోచ్ బాబ్ నైట్ రిఫరీల మీద కోపంతో టెక్నికల్ ఫౌల్ తెచ్చుకున్నాడు. ప్రత్యర్థి పర్డ్యూ జట్టు ఆటగాడు దానికి ఫ్రీ త్రో వేయబోతుంటే ఏకంగా ఒక కుర్చీని కోర్టులోకి విసిరేశాడు. ఆయన్ని బయటికి పంపారు. తర్వాత ఒక మ్యాచ్ నిషేధం పడింది. ఆ రోజు ఇండియానా ఓడింది. నైట్ జట్టు ఎన్ని ట్రోఫీలు గెలిచినా, చాలామందికి గుర్తున్నది ఆ కుర్చీయే.

ఒక రిఫరీ, ఒక కోచ్. ఇద్దరూ తమ పనిలో ఆరితేరినవాళ్లే. ఇద్దరి చేతా తప్పు చేయించింది ఒకటే... ఎదుటివాడు చేసినదాన్ని సొంత అవమానంగా తీసుకోవడం.

ఫిర్యాదుకీ ఒక గడి ఉంది

అరవకూడదంటే మరి అన్యాయం జరిగితే దిక్కేది? ఉంది. స్కోర్‌షీట్ కింది భాగంలో ‘ప్రొటెస్ట్ అయితే కెప్టెన్ సంతకం’ అని ఒక గడి ఉంటుంది. స్కోరు లెక్కలోనో, గడియారంలోనో సరిదిద్దని పొరపాటు తమ జట్టుని దెబ్బతీసిందనుకుంటే ఆట ముగిసిన 15 నిమిషాల్లోగా కెప్టెన్ ప్రధాన రిఫరీకి చెప్పి అక్కడ సంతకం పెట్టాలి. ఆ తర్వాత పై వాళ్లు విచారిస్తారు. పెద్ద టోర్నీల్లో అయితే వీడియో తెర ఉంటుంది. ఎన్‌బీఏలో 2019-20 సీజన్ నుంచి కోచ్‌కి చాలెంజ్ అవకాశం ఉంది. ఫిబా ఆటల్లోనూ వీడియో సదుపాయం ఉన్నచోట కోచ్ మ్యాచ్‌కి ఒకసారి చాలెంజ్ చేయొచ్చు. అంటే బెంచి గొంతు నొక్కేయడం ఆట ఉద్దేశం కాదు. ఆ గొంతుకి ఒక దారి చూపించడమే.

స్కూలు కోర్టులో వీడియో తెర ఎక్కడిది? అక్కడ ఉన్న తెరల్లా రిఫరీ రెండు కళ్లే. అందుకే అక్కడ ఆయన చెవి మరింత పదునుగా ఉండాలి. తాండూరు లాంటి ఊళ్లో బెంచి నుంచి తెలుగే కాదు, ఉర్దూ, కన్నడం కూడా వినిపిస్తాయి. ఏ భాషలో అడిగినా ప్రశ్న ప్రశ్నే, నింద నిందే. ‘టి’ సైగకి ఏ భాషా అక్కర్లేదు.

చిన్న ఊళ్ల మ్యాచ్‌ల్లో విజిల్ పట్టేవాళ్లు చాలాసార్లు పీఈటీ సార్లే. ఈ వారం బెంచి పక్కన నిలబడి అరిచిన ఆయనే, వచ్చే వారం ఇంకో ఊళ్లో రిఫరీ కావొచ్చు. సాయంత్రం ఇద్దరూ ఒకే స్టేషన్‌లో రైలు కోసం నిలబడాల్సి రావొచ్చు. ‘‘ఏమన్నా, ఆ చెయ్యి నిజంగ కనబడలేదా?’’ అని ఒకరు అడగడానికీ, ‘‘అడ్డమొచ్చిందన్నా, నువ్వైనా ఏం జేస్తవ్?’’ అని ఇంకొకరు చెప్పడానికీ అప్పుడు బోలెడు టైముంటుంది.

ఈలోగా బండ మీద కూర్చున్న ఏడుగురు పిల్లలు అన్నీ చూస్తుంటారు. వాళ్లలో కొందరికి ఆ రోజు కోర్టులో దిగే అవకాశమే రాకపోవచ్చు. కానీ తమ సారు ఎలా అడిగారో, రిఫరీ సారు ఎలా జవాబు చెప్పారో చూశారు. రేపు మార్కులు తక్కువ వేశారని మాస్టార్ని అడగాల్సి వచ్చినా, పేరు తప్పు రాశారని ఆఫీసులో గుమాస్తాని అడగాల్సి వచ్చినా వాళ్లకి గుర్తొచ్చేది ఆ రెండు నిమిషాలే. వికారాబాద్ వాళ్లు గెలిచారో, తాండూరు వాళ్లు గెలిచారో అప్పటికి మర్చిపోయినా సరే!